చిల్లచెట్లు, వయ్యారిభామ: ఇంటి స్థలాల్లో అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా కావలి చుట్టుపక్కల ఇళ్ల స్థలాలు శుభ్రం చేయించే పని నాది, పన్నెండేళ్ల నించి. ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, "చిల్లచెట్లు కొట్టేదానికి ఎంత అవుద్ది?" అని. కొట్టి డబ్బులు తీసుకోవచ్చు గానీ వచ్చే ఏడాది మళ్లీ అదే చెట్టు ఉంటది, అందుకే ఇదంతా రాస్తుండా.

అపోహ: నేలమట్టానికి కొట్టేస్తే చెట్టు పోయినట్టే.

వాస్తవం: చిల్లచెట్టుకి (సర్కారుతుమ్మ అన్నా ఇదే) చిగురేసే మొగ్గలు నేల కింద వేరు మొదట్లో ఉంటాయి. పైన నరికితే ఒక మాను పోయి ఐదారు కొమ్మలు లేస్తాయి, అవి ఇంకా గుబురుగా, ముళ్లతో. 1877లో మన పక్కనే కడప జిల్లా కమలాపురంలో వేశారు దీన్ని, కొట్టినా మళ్లీ లేవడం వంటచెరుక్కి మంచి గుణమే, ఇంటి స్థలానికి అదే తలనొప్పి. మొదలు చుట్టూ గునపంతో అడుగు లోతు తవ్వి, ఆ మొగ్గలుండే భాగం కింద నించి నరికి బయటికి తియ్యాల. కాంపౌండ్ గోడ పక్కన, సెప్టిక్ ట్యాంకు పక్కన ఉంటే జేసీబీ పెట్టొద్దు, మనుషులతోనే తవ్వించండి, వేరు లాగేటప్పుడు గోడ కదిలిపోద్ది.

గుబురులో చెయ్యి పెట్టే ముందు పొడుగు కర్రతో బాగా కదిలించండి, రక్తపింజరి ఉండొచ్చు. గట్టి బూట్లు లేకుండా మా మనుషుల్ని నేను దిగనీను, ఆ ముల్లు చెప్పుల్లోంచి దిగిపోద్ది, లోపల విరిగిందంటే కాలు వాచిపోద్ది, ఇంట్లో సూదితో గెలక్కుండా డాక్టర్ దగ్గరికి పోండి.

అపోహ: మేకల్ని తోలితే అవే తినేస్తాయి.

కాయలు తియ్యగా ఉంటాయి కాబట్టి తింటాయి, గింజ మాత్రం గట్టిది, పెంటికతో అట్టనే బయటపడి మొలుస్తది. కాయలు ముందే ఏరి గోతం కట్టెయ్యండి. మాను, లావు కొమ్మలు బొగ్గు బట్టీల వాళ్లు తీసుకుపోతారు.

అపోహ: వయ్యారిభామని (పార్థీనియం అన్నా ఇదే) ఎండాకాలంలో ఎండినాక పీకి తగలబెడితే సరి.

నాకు బాధ కలిగేది ఇదే అండీ. ఎండేసరికి అది గింజ రాల్చేసి ఉంటది, ఒక్కో మొక్క వేలల్లో రాలుస్తది, మీరు కాల్చేది ఒట్టి కట్టె. ఆ పొడి, పొగ పీల్చితే ఆయాసం ఉన్నోళ్లకి చాలా ప్రమాదం. "నాకు ఇన్నాళ్లూ ఏం కాలేదు" అంటారు, కానీ ఈ మొక్కతో వచ్చే అలర్జీ ఒంటికి తగలగా తగలగా వస్తది, మా దగ్గర పనిచేసిన ఒకమ్మకి నాలుగేళ్లు ఏం లేదు, ఐదో ఏడు చేతులూ మెడా కమిలిపోయి పని మానేసింది. మనకి వానలు అక్టోబరు, నవంబరులో గదా, నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా, మాస్కు వేసుకుని వేరుతో పీకండి, చేతిలోకి సులువుగా వస్తది. పూత లేనిదాన్ని గుంటలో వేసి మాగబెడితే ఎరువైపోద్ది. పూత వచ్చినదాన్ని నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి కొన్ని వారాలు ఎండలో పెట్టండి. కాలవలోకి, పక్క సైటులోకి విసరొద్దు, నీళ్లతో గింజ వీధంతా పోద్ది.

గడ్డిమందు సంగతి కూడా. 2022 అక్టోబరులో కేంద్రం ఆ మందుల్లో ఒకటైన గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని నోటిఫికేషన్ ఇచ్చింది, షాపులో తెచ్చి ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని కొట్టొద్దు. ఉప్పునీళ్లు కొడితే మొక్క మాడిపోద్ది నిజమే, కానీ ఎక్కువైతే ఆ నేలలో రేపు మీ కరివేపాకు కూడా బతకదు.

పని అయిపోయినాక మొదటి వాన పడిన రెండు మూడు వారాలకి మీరే ఒకసారి స్థలంలో తిరగండి, చిన్న మొలకలు కనిపిస్తాయి, అప్పుడు పీకితే అరగంట పని, దానికి నన్ను పిలవక్కర్లేదు.