ఎగదోసిందెవరు?

గెనిమ (పొలం గట్టు) దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటే, మా కావలి పక్క పల్లెల్లో పెద్దమనుషులు తప్పెవరిదని తర్వాత అడుగుతారు. ముందు అడిగేది "వీణ్ణి ఎగదోసిందెవురబ్బా?" అనే.

మాటలోనే పొయ్యి కనిపిస్తుంది. ‘ఎగ’ అంటే పైకి. ఎగువ, ఎగయడం ఆ కుదురువే. ‘దోయు’ అంటే తోయడం. కట్టె కొస కాలిపోయి మంట తగ్గితే వెనక కొన పట్టుకుని లోపలికి నెట్టడమే ఎగదోయడం. మా అమ్మమ్మ రెండు చేతులా తెడ్డు పట్టి సంగటి కెలుకుతూ "ఆ కట్టె కాస్త ఎగదోయమ్మా" అనేది. నిప్పు ముందే ఉంది. కాలేది కట్టె, తోసిన చెయ్యి కాదు. కోపానికి ఈ మాట అందుకే అంతలా అతికింది.

‘ఉసిగొల్పడం’ వేరు. అది కుక్కను ‘ఉస్కో’ అని వదలడం. పేపర్లకు ఇష్టమైన ‘రెచ్చగొట్టడం’ ఎదురుగా నిలబడి కూడా చేయొచ్చు. ఎగదోసేవాడు మాత్రం ఎప్పుడూ వెనకే ఉంటాడు.

ఇక్కడి పాత తగాదాల్లో పెద్దది 13వ శతాబ్దిది. మేపుకున్న బీళ్లకు కట్టాల్సిన పుల్లరి దగ్గర ఆవుల మందల దొర కాటమరాజుకూ నెల్లూరి రాజుకూ చెడింది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. రాజు తరఫున నడిచిన ఖడ్గతిక్కన, కవి తిక్కనకు అన్నదమ్ముల వరస. సైన్యం దెబ్బతిని ఇంటికొచ్చాడట. భార్య స్నానానికి నీళ్లు తోడి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపు ముద్ద పెట్టి, మంచం చాటు కట్టింది. తల్లి విరిగిన పాలు పోసింది. ఇదేమిటంటే, నువ్వు విరిగి వచ్చావు, పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఓడి వెనుదిరగడానికీ పాలు చెడడానికీ తెలుగులో క్రియ ఒకటే కావడం ఆయన ఖర్మ. మళ్లీ వెళ్లాడు, తిరిగి రాలేదు.

మరి ఆ తల్లి కొడుకును ఎగదోసిందా? మా వైపు ఎవరూ అలా అనరు. ముఖాన అన్నది కాబట్టి అది ఎత్తిపొడుపు. ఎగదోయడమంటే గెనిమ తగాదా రాత్రి ఊళ్లో లేకుండా, "తగ్గొద్దు బావా" అని ఫోన్ చేసే బావమరిది పని.