డెల్టా ఊళ్లలో జనం ఎందుకు పెరగడం లేదు?

2001 నుంచి 2011 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 11 శాతం పెరిగింది. తూర్పు గోదావరిలో పెరిగింది 5 శాతం పైచిలుకు, పశ్చిమ గోదావరిలో నాలుగు శాతం కూడా లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పుణ్యమేనని చప్పున అనేస్తాం. అది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే కాలువలు రాకముందు నుంచి మొదలుపెట్టాలి.

1821లో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7.38 లక్షలు. 1841 నాటికి అది 5.61 లక్షలకు పడిపోయింది. ఈ మధ్యలో 1832-33 కరువు వచ్చింది, 1839లో ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. ఈస్టిండియా కంపెనీ వస్త్ర వ్యాపారం దెబ్బతిని చేనేత ఊళ్లూ చితికిపోయాయి. ఇంటి ముందే గోదావరి పారుతున్నా ఆ నీళ్లన్నీ సముద్రం పాలే. జిల్లా ఇంతలా ఎందుకు పాడైందో తేల్చమని పంపితే మాంట్‌గోమరీ అనే అధికారి 1844లో నివేదిక ఇచ్చాడు. దాని వెనకే ఇంజినీరు ఆర్థర్ కాటన్ రంగంలోకి దిగాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంటే, కాటన్ దొరకి విగ్రహాలు పెట్టించింది పంట ఒక్కటే కాదు, ఖాళీ అయిపోతున్న ఊళ్లు నిలబడటం కూడా.

నీళ్లొచ్చాక జనం పెరిగారు. కానీ భూమి అందరిదీ కాదు కదా. సెంటు పొలం లేనివాళ్లు కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగూన్ పోయారు. బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. యుద్ధం ముంచుకొచ్చి 1942లో చాలామంది తిరిగొచ్చేశారు, కొందరు కాలినడకన.

ఆ దారి మూసుకుపోయాక గల్ఫ్ దారి తెరుచుకుంది. ఈసారి వెళ్లినవాళ్లలో ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు, ఇంటిపని వీసాల మీద కువైట్‌కీ, మస్కట్‌కీ. భూమి ఉన్న ఇళ్ల పిల్లలు ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్, అక్కడి నుంచి అమెరికా. ఊరు వదలడంలో మాత్రం ఉన్నవాడూ లేనివాడూ ఒక్కటే.

రాజోలు వైపు ఒక ఇల్లు ఊహించుకోండి. అమ్మమ్మ, తాతయ్య, ఇద్దరు మనవలు. తల్లి కువైట్‌లో, తండ్రి హైదరాబాద్‌లో తాపీ పని. రేషన్ కార్డులో ఆరు పేర్లుంటాయి. గణన జరిగే రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను అక్కడ రాయరు కాబట్టి ఎన్యూమరేటర్ రాసుకునేది నలుగురినే.

ఇక కాన్పులు. రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటు సంతానం 1992-93లో 2.6. 2019-21 సర్వేకి 1.7. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 చట్టంలో నిబంధన పెట్టిన రాష్ట్రమే, పిల్లల్ని కనండి మహాప్రభో అంటూ 2024లో దాన్ని ఎత్తేసింది!

పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధులు చాలావరకు జనాభా అంకె మీదే ఆధారపడతాయి. కొత్త అంకె 2027 జనాభా లెక్కల్లో తేలుతుంది. ఈలోగా నాట్లకు బెంగాల్ నుంచి, రొయ్యల చెరువులకు ఒడిశా నుంచి మనుషులు వస్తున్నారు. గణన నాటికి చెరువు గట్టు మీద షెడ్డులో కాపురం ఉంటున్న ఒడిశా కుటుంబం ఆ ఊరి లెక్కలోకే వస్తుంది. కువైట్‌లో ఉన్న ఆ రాజోలు ఇంటి తల్లి రాదు.