తక్కువ తిరిగిన పాత స్పోర్ట్స్ కారు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, 2012 మోడల్, 21 వేలే తిరిగింది. సింగిల్ ఓనర్. టోకెన్ వేసేయమంటారా?"

పాత బండ్లు కొనేముందు చెక్ చేయించుకోవడానికి మా గ్యారేజీకి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాగే మొదలవుతాయి. చేసేది ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు. ఉద్యోగంలో చేరి కొంత కూడబెట్టుకున్నారు, చిన్నప్పటి నుంచి ఒక బండి మీద మనసుంది. కొత్తది 50 లక్షలు, పాతది 12 లక్షలకు వస్తోంది. మన దగ్గర స్పోర్ట్స్ కారు అంటే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, ఫియట్ అబార్త్ పుంటో నుంచి ఆడి టీటీ, బీఎండబ్ల్యూ జెడ్4, పోర్షే బాక్‌స్టర్ దాకా అన్నీ అందులోకే వస్తాయి. ఏ బండైనా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత తిరిగింది?

ఈ ప్రశ్న దగ్గరే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ముందు దీని సంగతి చెప్పి మిగతావాటికి వెళ్తాను.

అపోహ: తక్కువ తిరిగితే బండి కొత్తదానిలా ఉంటుంది

వాస్తవం: లెక్క వేసి చూడండి. పదమూడేళ్లలో 21 వేలు అంటే నెలకు 135 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ఒక వైపు ప్రయాణమంత కూడా కాదు. అంటే సాధారణంగా రెండే అవకాశాలు. మీటర్ తిప్పి ఉండాలి, లేదా బండి ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండాలి. మొదటిది మోసమని అందరికీ తెలుసు. రెండోది కూడా అంతే ఖరీదైన సమస్య అని మాత్రం ఎవరూ నమ్మరు. పైగా దానికి లక్షో లక్షన్నరో ఎక్కువ ఇచ్చి మరీ కొంటారు.

సర్వీస్ బుక్ తెరిచి చూడండి. ప్రతి పనికీ పక్కన రెండు గడువులు ఉంటాయి, ఒకటి కిలోమీటర్లలో, ఇంకొకటి కాలంలో. ఏది ముందొస్తే అదే లెక్క. ఇంజిన్ ఆయిల్ బండి తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్లకు మార్చాలి. కూలెంట్‌కూ గడువుంది. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే బెల్ట్‌కూ వయసు లెక్క ఉంది. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి, ఇక ఇంజిన్ విప్పాల్సిందే. "ఇంకా 21 వేలే కదా సార్, బెల్ట్ 90 వేలకు మారుద్దాం" అని పదమూడేళ్ల బెల్ట్ మీద బండి అమ్మేవాళ్లను చూస్తుంటాను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు.

రబ్బరు ఎండిపోతుంది. ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ బుష్‌లు, కూలెంట్ హోస్‌లు, ఆయిల్ సీళ్లు అన్నీ రబ్బరే. ఆయిల్‌లో తడుస్తూ ఉన్నంతకాలం సీలు మెత్తగా ఉంటుంది. బండిని ఆరు నెలలు పక్కన పెట్టి ఒకరోజు సరదాగా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీదికి తీసుకెళ్తే, ఆ వారంలోనే కింద మరకలు మొదలవుతాయి. కన్వర్టిబుల్ (రూఫ్ మడిచేసే బండి) అయితే రూఫ్ చుట్టూ నీళ్లు బయటకు పోయే సన్నటి దారులుంటాయి. వాటిలో ఆకులు, దుమ్ము చేరితే వాన నీళ్లు కార్పెట్ కిందకు దిగి కంట్రోల్ మాడ్యూళ్ల (బండిలోని చిన్న కంప్యూటర్ల) దాకా వెళ్తాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎలుకల సంగతి మీకు తెలిసిందే. కదలని బండి వాటికి ఇల్లు, వైరింగ్ వాటికి తిండి.

ఇక పెట్రోల్. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) గురించి వాట్సాప్‌లో తిరిగే మాటలు వింటుంటే విసుగొస్తుంది. ఈ20 పోయగానే పాత ఇంజిన్ పేలిపోదు. మైలేజీ కొంత తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటి ఫ్యూయల్ లైన్లు, సీళ్లు 20 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు కాబట్టి అవి త్వరగా దెబ్బతినే అవకాశం ఉంది. అయితే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వారం వారం ట్యాంకు ఖాళీ అయ్యి నిండే బండికి ఇది పెద్ద సమస్య కాదు. అదే పెట్రోల్‌తో నెలల తరబడి నిలబడిన బండికి మాత్రం పంపు, ఇంజెక్టర్లు ముందు పోతాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న జర్మన్ ఇంజిన్లలో హై ప్రెషర్ పంపు ధర వింటే చాలామంది కుర్చీలో కూలబడతారు.

ఖమ్మం నుంచి ఒక తండ్రీ కొడుకులు వచ్చారు. జర్మన్ టూ సీటర్ కన్వర్టిబుల్, 19 వేలు తిరిగింది. మీటర్ తిప్పారేమోనని అబ్బాయికి ఒకటే టెన్షన్, రాత్రంతా నిద్రపోలేదట. స్కానర్ పెట్టి చూశాను. ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్ మాడ్యూళ్లు చెప్పిన లెక్క మీటర్‌తో సరిపోయింది. టైర్ల మీది తేదీ కూడా బండి తయారైన ఏడాదిదే. మీటర్ నిజం. అబ్బాయి మొహం వెలిగిపోయింది. అప్పుడు బండిని లిఫ్ట్ ఎక్కించాను. బుష్‌లు నాలుగు చక్రాల దగ్గరా పగిలిపోయి ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ కాఫీ రంగులోకి మారింది. రూఫ్ సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ప్యాసింజర్ కార్పెట్ కింద తడి. పదేళ్లు తాళం వేసిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టే ఉంది. నేను రాసిచ్చిన ఎస్టిమేట్ మూడు లక్షలు దాటింది, అదీ రూఫ్ సంగతి పూర్తిగా తేలకముందే. ఆ పెద్దాయన కాగితం రెండుసార్లు చదివి, "తిరగకపోతే పాడవదనుకున్నాం బాబూ" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే తప్పు ఆయనది కాదు. బజార్లో ప్రతి బ్రోకరూ, ప్రతి యాడూ చెప్పేది అదే.

దానికి పూర్తిగా వ్యతిరేకమైన బండి ఒకటి చెప్తాను. గుంటూరు అమ్మాయి, ఇక్కడ గచ్చిబౌలిలో ఉద్యోగం. పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ తెచ్చింది. మీటర్ మీద 94 వేలు. ఇంట్లో అందరూ వద్దన్నారట. కానీ బండితో పాటు ఒక లావుపాటి ఫైలు వచ్చింది. ప్రతి ఏడాది ఆయిల్ మార్చిన బిల్లు, డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ మార్చిన బిల్లు, బుష్‌లు, వాటర్ పంపు, అన్నీ తేదీలతో. ఆ బండిలో ఉన్న తడి క్లచ్ (క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే రకం) డీఎస్‌జీకి 60 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి. చాలామంది మార్చరు, ఆ పాత ఓనర్ మార్చాడు. కొనమన్నాను. ఇప్పటికీ సర్వీసుకు మా దగ్గరికే వస్తుంది, ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు తప్ప పెద్ద ఖర్చేమీ రాలేదు.

కాబట్టి ఫోన్లో మీరు అడగాల్సింది "ఎంత తిరిగింది" అని కాదు. "గత మూడేళ్ల బిల్లులు ఉన్నాయా, ఏడాదికి ఎంత తిరిగింది" అని అడగండి. ఏడాదికి ఏడెనిమిది వేలు నిలకడగా తిరిగిన బండి ఉంటే నేను కళ్లు మూసుకుని దానివైపే మొగ్గుతాను.

మీటర్ తిప్పారో లేదో పట్టుకోవడానికి కొన్ని గుర్తులు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. 2012 మోడల్ బండి 25 వేలే తిరిగిందని చెప్తూ 2016 టైర్లు, వాటి మీద అరిగిన ట్రెడ్ చూపిస్తే, మొదటి సెట్ ఎప్పుడు, ఎందుకు పోయిందని అడగండి. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిందా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగిందా, డిస్క్ చుట్టూ గట్టు పడిందా చూడండి. మీటర్ మార్చడం తేలిక. అన్ని మాడ్యూళ్లలోనూ ఒకే లెక్క మార్చడం అంత తేలిక కాదు, అందుకే స్కానర్ పెట్టించండి. అద్దాల మూలల్లో తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. అన్నీ ఒక ఏడాదివి, ఒక్కటి వేరే ఏడాదిది అయితే ఆ వైపు ఏం జరిగిందో అడగాల్సిందే.

అపోహ: ధర తగ్గింది కాబట్టి ఖర్చూ తగ్గుతుంది

50 లక్షల బండి 12 లక్షలకు వస్తే దాని హెడ్‌లైట్ 12 లక్షల బండి ధరకు రాదు. బండి ధర పెట్టుకున్నాక కనీసం ఇంకో పావు వంతు చేతిలో ఉంచుకోండి. లేకపోతే ఇంకో ఏడాది ఆగండి. ఈఎంఐ మీద పాత స్పోర్ట్స్ కారు కొని, రిపేరుకు పర్సనల్ లోన్ తీసుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

అపోహ: ఢిల్లీ బండ్లన్నీ దొంగ బండ్లు, లేదా చెడిపోయిన బండ్లు

కాదు. 2014, 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశాలు, 2018లో సుప్రీంకోర్టు వాటికి మద్దతు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని అప్పట్లో అన్నారు. అక్కడ ధరలు పడడానికి ఇదొక పెద్ద కారణమైంది. బండి బాగుండొచ్చు. కానీ ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్‌టీఏ ఇచ్చే పత్రం) రావాలి, బ్యాంకు అప్పు ఉంటే ఫారం 35తో హెచ్‌పీ (ఆర్‌సీలో ఉండే బ్యాంకు అప్పు నమోదు) తీసేయించాలి, ఏడాది దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ టాక్స్ ఎంతో ఆర్‌టీఏలో కనుక్కున్నాకే బేరమాడండి. ఢిల్లీ ధరకూ ఇక్కడి ధరకూ ఉన్న తేడా చాలాసార్లు అక్కడే కరిగిపోతుంది.

భయపడాల్సింది ఊరిని చూసి కాదు, వరదను చూసి. 2015 డిసెంబర్ చెన్నై, 2020 అక్టోబర్ హైదరాబాద్, 2024 సెప్టెంబర్ విజయవాడ బుడమేరు. స్పోర్ట్స్ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి, మోకాలి లోతు నీళ్లు చాలు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద చార ఉంటే వదిలేయండి. సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద వాసన కూడా చూడండి.

అపోహ: పాత ఓనర్ ఇన్సూరెన్స్ ఉంది కదా, చాలు

పాలసీ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. మార్చకపోతే ఎదుటివాడికి జరిగిన నష్టం వరకే రక్షణ, మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ రాదు. పాత ఓనర్ ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే వెళ్లిపోతుంది, అది బండిది కాదు, మనిషిది. ఐదేళ్లు దాటిన బండికి జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) చాలా కంపెనీలు ఇవ్వవు. ఐడీవీ (ఇన్సూరెన్స్ కోసం బండికి కట్టే విలువ) ఎంతన్నది మీరూ కంపెనీ మాట్లాడుకోవాల్సిందే. 1500 సీసీ దాటితే 2022లో నోటిఫై చేసిన రేటు ప్రకారం ఒక్క థర్డ్ పార్టీకే ఏడాదికి 7,897 రూపాయలు, పైన జీఎస్టీ.

రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), పెద్ద ఎగ్జాస్ట్ ఉన్న బండి "రెడీ టు గో" అంటారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు చేయకూడదని చెప్పింది. ఆర్‌సీలో లేని మార్పు ఉంటే క్లెయిమ్ రోజున అదే సాకు అవుతుంది. మొదటి బండికి ఏ మార్పులూ లేకుండా, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నది చూసుకోండి.

కంపెనీ దేశం వదిలిపోతే విడిభాగాలు దొరకవన్నది సగం నిజం. ఫియట్‌నే తీసుకోండి, మామూలు పుంటో భాగాలకు ఇబ్బంది తక్కువ, అబార్త్‌కే ప్రత్యేకమైనవి వెతకాలి. పదిహేనేళ్లకు దగ్గరపడ్డ బండి కొంటుంటే ఇంకో లెక్క ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆర్‌సీ రెన్యువల్ ఫీజు మామూలు కారుకు 5,000, ఇంపోర్టెడ్ కారుకు 40,000. జెడ్4, టీటీ లాంటివి చాలావరకు దిగుమతి అయినవే. ఆర్‌సీలో ఏముందో చూసుకోండి.

అపోహ: ట్రెడ్ ఉంటే టైరు బాగున్నట్టే

ఇది మాత్రం డబ్బు విషయం కాదు. తక్కువ తిరిగిన బండిలో టైరు ట్రెడ్ నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం చెక్కలా గట్టిపడి ఉంటుంది. తడి రోడ్డు మీద అది పట్టుకోదు. ఓఆర్‌ఆర్ మీద ఇప్పుడు 120 దాకా అనుమతి ఉంది. రెండు వందల గుర్రాల బలం, వెనుక చక్రాలకు పవర్, పదేళ్ల టైర్లు, మొదటి బండి నడుపుతున్న మనిషి. అమ్మానాన్నల భయం ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం. తయారై ఆరేళ్లు దాటిన టైర్లు ఉంటే బండి మా గ్యారేజీ నుంచి ఇంటికి కొత్త టైర్ల మీదే వెళ్లాలని చెప్తాను. ఆ ఖర్చు బేరంలోనే కలుపుకోండి.

మొదటి కారుగా స్పోర్ట్స్ కారు కొనడమే తప్పని నేను అనను. ఇష్టపడి కొన్న బండిని మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు, అది నేను రోజూ చూస్తున్నదే. ఒక్క మాట మాత్రం పాటించండి. "వేరే పార్టీ ఉంది, సాయంత్రంలోగా టోకెన్ వేయండి" అని బ్రోకర్ ఎంత తొందరపెట్టినా, చెక్ చేయించకముందు ఒక్క రూపాయి కూడా పంపవద్దు. బండిని పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలని అడగండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఎందుకు స్టార్ట్ చేశారో అడగండి. చల్లటి ఇంజిన్ మొదటి పది సెకన్లలో చేసే చప్పుడు, టైమింగ్ చైన్ వదులుగా ఉంటే వచ్చే గరగర, సైలెన్సర్‌లోంచి వచ్చే నీలం పొగ, ఇవి మళ్లీ రేపు పొద్దున దాకా కనిపించవు. అమ్మే మనిషి లిఫ్ట్ ఎక్కించడానికి ఒప్పుకోకపోతే ఆ బండి గురించి నాకు ఫోన్ చేయాల్సిన పని కూడా లేదు, వదిలేయండి.