అప్పు చేశాక చెప్పే పాఠం: గల్ఫ్ శిక్షణ వెనక కథ

1983 నాటి వలస చట్టాన్ని మార్చే ముసాయిదా బిల్లును విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో జనాభిప్రాయానికి పెట్టింది. దాంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది. గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లకు శిక్షణ ఇస్తూనే ఉన్నాం కదా, మోసాలు ఎందుకు ఆగట్లేదు? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు ఎందుకు పోతున్నారో అందరికీ తెలిసిందే, మళ్లీ తవ్వక్కర్లేదు. మోసాలు ఎందుకు ఆగట్లేదన్న ప్రశ్నకు జవాబు మాత్రం 2018లో ఉంది.

పీడీఓటీ అని పిలిచే ప్రయాణ పూర్వ శిక్షణను కేంద్రం ఆ ఏడాదే మొదలుపెట్టింది. ఒక్కరోజు క్లాసు, రుసుము లేదు. అక్కడి చట్టాలు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, ఎంబసీకి ఫిర్యాదు ఎలా చేయాలి, ఇంటికి డబ్బు ఏ దారిన పంపాలి... పాఠాలకు పెద్దగా వంక పెట్టలేం. చిక్కంతా ఆ పాఠం చెప్పే రోజుతోనే. క్లాసుకు వచ్చేవాడికి అప్పటికే వీజా ఖాయమై ఉంటుంది. అంటే ఏజెంటుకు డబ్బు ముట్టింది, ఊళ్లో ప్రామిసరీ నోటు మీద సంతకం అయిపోయింది. ఏజెంటు రుసుము 30 వేలు, జీఎస్టీతో కలిపి 35,400 దాటకూడదని అక్కడ చెబుతారు. లక్షా ఇరవై వేలు కట్టి వచ్చినవాడు ఆ మాట విని ఏం చేయాలి? గొడవ పెట్టుకుంటే ప్రయాణం ఆగుతుంది, అప్పు మాత్రం ఆగదు. నోరు మూసుకుని విమానం ఎక్కుతాడు.

పైగా ఆ గదిలో ఉండేది అతనొక్కడే. నెలనెలా మిత్తి కట్టేది, వచ్చిన డబ్బును ఎటు మళ్లించాలో తేల్చేది ఊళ్లో ఉన్న భార్యో తల్లో. 2018 నమూనాలో ఆమెకు కుర్చీ వేయలేదు.

ఆమె ముందు పెట్టాల్సిన లెక్క పెద్దదేమీ కాదు. జీతం 1,000 దిర్హాములు అనుకుందాం. తిండికి, ఫోనుకు 350 పోతే పంపేది 650. దిర్హాముకు 24 రూపాయల చొప్పున 15,600. ఇంటి ఖర్చు ఎనిమిది వేలు తీస్తే అప్పుకు మిగిలేది 7,600. లక్షా ఇరవై వేలకు నూటికి మూడు రూపాయల మిత్తి అంటే మొదటి నెల 3,600. అసలు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతే అప్పు తీరడానికి దాదాపు 22 నెలలు. కాంట్రాక్టు రెండేళ్లే. మొదటి జీతం ఆలస్యమైతే ఆ మిగిలిన రెండు నెలలూ కరుగుతాయి. అదే అప్పు మహిళా సంఘం నుంచి నూటికి రూపాయికి తెస్తే 18 నెలల్లోపు తీరుతుంది. టికెట్, మెడికల్ పక్కన పెట్టి 35,400 మాత్రమే కట్టి ఉంటే, మూడు రూపాయల మిత్తికైనా దాదాపు ఐదు నెలల పని.

ఇంకో మెలిక ఉంది. అసలు ముక్కలుగా తీసుకోనని, ఒకేసారి కట్టాలని చాలామంది వడ్డీ వ్యాపారులు అంటారు. అప్పుడు నెలనెలా మిగిలే నాలుగు వేలు చేతిలో ఉండి ఖర్చయిపోతుంది, మిత్తి 3,600 దగ్గరే నిలబడుతుంది. నోటు రాసేముందే ఈ షరతు అడగాలి, రాశాక అడిగి లాభం లేదు.

2012లో తెచ్చిన మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన ఎందుకు మూతపడిందో ఈ లెక్కే చెబుతుంది. కార్మికుడు పింఛనుకు, తిరిగొచ్చాక స్థిరపడడానికి పొదుపు చేస్తే ప్రభుత్వం కొంత కలిపే పథకం అది. చేరేవాళ్లు లేరని 2017లో మూసేశారు. కూలీలకు పొదుపు మీద ఆసక్తి లేదన్నట్టు కొందరు తేల్చేశారు. మూడు రూపాయల మిత్తి నెత్తిన ఉన్నవాడు పింఛనులో డబ్బు వేస్తే, తెలివి తక్కువవాడు అనాల్సింది అతన్నే!

బీమా సంగతీ అంతే. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు. గుండెపోటుతో పోతే ఆ 10 లక్షలు రావు, గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికల కాగితాల్లో తరచూ ఉండే కారణం మాత్రం అదే. అందుకే గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన ఐదు లక్షల సాయం అంత ముఖ్యమైంది. పాలసీ నంబరు, నామినీ పేరు, కాంట్రాక్టు, వీజా, అఖామా (అక్కడి నివాస గుర్తింపు కార్డు) నకళ్లు ఇంట్లో ఒక సెట్టు లేకపోతే రెండింటికీ తిరగాల్సిన తిరుగుడు రెట్టింపవుతుంది.

విజిట్ వీజా మీద పోయినవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి పోయేవాళ్లకు కేంద్రం ఇచ్చే అనుమతి) ఉండదు కాబట్టి ఆ బీమా ఉండదు, క్లాసూ ఉండదు. పదో తరగతి పాసవని ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో నిబంధన బిగించాక సబ్ ఏజెంట్లు ఈ దారినే వెడల్పు చేసుకున్నారు.

ఎవరు పోతారో వీజా రాకముందే మాకెలా తెలుస్తుంది అన్నది అధికారుల వైపు వాదన. పాఠం ముందుకు జరపడం సాధ్యమేనని బయటి అనుభవం చెబుతోంది. ఫిలిప్పీన్స్‌లో ప్రయాణ పూర్వ శిక్షణతో పాటు, ఉద్యోగానికి ఒప్పుకోకముందే వినాల్సిన పాఠం వేరే ఉంది. నేపాల్‌లో స్విట్జర్లాండ్ సాయంతో 2011లో మొదలైన ‘సామీ’ కార్యక్రమం డబ్బు లెక్కల క్లాసులకు నేరుగా ఇంటి దగ్గర ఉన్న ఆడవాళ్లనే కూర్చోబెట్టింది. మన ఊళ్లలో అయితే అందుకు కొత్త వ్యవస్థ కూడా అక్కర్లేదు. దుబాయ్ ఖర్చుకు అప్పు కావాలన్న మాట చాలా ఇళ్లలో ముందు చేరేది మహిళా సంఘం సమావేశానికే. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో ఉందా, డబ్బు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకుంటున్నారా, కాంట్రాక్టులో జీతం ఎంత రాశారు, తిండి ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు అప్పు తీర్మానం రాసేముందు అడగడానికి అరగంట చాలు. 2018లో శిక్షణ రూపకల్పన చేసినప్పుడు ఈ సంఘాలు ఊరూరా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి నగరాల్లోని కేంద్రాలను ఎంచుకున్నారు.