పెద్దబాపు ఖోలీ, పక్కన టవరు: పరేల్ నేల చేతులు మారిన కథ

సాయంత్రం ధర్మాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దాదర్. బాసర గోదావరికి ఇవతల, నాందేడ్ జిల్లా అంచున ఉన్న మా ఊళ్లో తెలుగు ఇండ్లకు ఆ రైలు కొత్త కాదు. ఎవరో ఒకరు బొంబాయిలో ఉండడం, పండక్కు రావడం, పోతూ పోతూ ధర్మాబాద్ మిరపపొడి సంచిలో పెట్టుకోవడం ఇక్కడ మామూలే. ఈసారి పోవాల్సింది మా చిన్నబిడ్డ. లోయర్ పరేల్‌లో ఉద్యోగం వచ్చింది. అల్లుడు ఇంటి నుంచే పనిచేస్తాడు, కాబట్టి ఎక్కడున్నా ఒకటే. ఇల్లే తేలడం లేదు. ఆఫీసు పక్కన ఒక బెడ్‌రూం ఇంటికి అడిగిన కిరాయి బిడ్డ జీతంలో సగం దాటింది. కల్యాణ్, డోంబివ్లీ వైపు చవకే గానీ, లోకల్‌లో నిలబడి రోజూ రెండు మూడు గంటలు పోతాయి. మూడో దారి మా పెద్దబాపు ఖోలీ. లోయర్ పరేల్‌లోనే, పాత చాళ్‌లో, అంటే వరసగా ఒంటిగదులుండే కిరాయి మేడలో, రెండో అంతస్తులో ఒక్క గది. పెద్దబాపు పోయాడు, పెద్దమ్మ ఒక్కతే ఉంటోంది.

"ఖోలీ మనదే కద బాపూ, అండ్ల ఉంటె ఏమైతది?" అని బిడ్డ అడిగింది.

మనదేనా? అవునంటే తప్పు, కాదన్నా తప్పే. ఆ గది ఎవరిదో తెలియాలంటే ఆ పేట ఎవరిదో, ఎట్లా చేతులు మారిందో తెలియాలి. పోవాలా వద్దా అని ఇంట్లో వారం రోజులుగా నడుస్తున్న మాటల్లో ఆ కథ ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బొంబాయిలో తెలుగువాళ్లు మిల్లుల కంటే ముందే ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి కూలికి పోయినవాళ్లను అక్కడ కామాఠీలు అనేవాళ్లు. కామాఠీపురాకు ఆ పేరు వాళ్ల వల్లనే వచ్చింది. తర్వాత నూలు వచ్చింది. కవాస్జీ దావర్ 1854లో పెట్టిన కంపెనీతో తార్‌దేవ్‌లో తొలి మిల్లు లేచింది. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలు మార్గం హైదరాబాద్‌ను నాందేడ్ మీదుగా మన్మాడ్‌తో కలిపింది. మన్మాడ్ దాటితే బొంబాయే. మగ్గం మీద బతుకు గడవని పద్మశాలి ఇండ్లకు అది తెరిచిన తలుపయింది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచీ మా దిక్కు నుంచీ పోయినవాళ్లు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ గల్లీల్లో సర్దుకున్నారు. నేత తెలిసిన చేతులు కాబట్టి ఎక్కువమంది సాంచా ఖాతాలోనే, అంటే మగ్గాల విభాగంలోనే చేరారు. 1956లో రాష్ట్రాల విభజన జరిగి మా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రానికి పోయింది. ఆ తర్వాత ఆఫీసులు, కోర్టులు, కొలువులు అన్నీ అటే తిరిగాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బతుకు కోసం పడమరకు పోవడం మాకు అట్లా అలవాటైంది.

మిల్లుల చుట్టూ పెరిగిన ఆ పేటను మరాఠీలో గిరణ్‌గావ్ అన్నారు, గిర్నీల ఊరు అని. పేరులో ఊరు ఊరికే రాలేదు. పాళీ, అంటే షిఫ్టు, దిగినవాడు నడిచి ఇంటికొచ్చేవాడు. పెండ్లాంపిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చినవాడు ఖానావళ్‌లో తినేవాడు. ఒకే మంచం మీద పగటి పాళీవాడు రాత్రి, రాత్రి పాళీవాడు పగలు పడుకున్న గదులుండేవి. 1896లో ప్లేగు వచ్చి జనం పిట్టల్లా రాలాక 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. 1920ల్లో సర్కారే చాళ్లు కట్టింది. అవే బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లు. మొత్తం 207, అందులో 121 వర్లీలోనే. గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు అంతస్తుకు ఉమ్మడి. ప్రైవేటు యజమానులు కట్టినవి ఇంకా ఎన్నో. మా పెద్దబాపు ఖోలీ అట్లాంటి ప్రైవేటు చాళ్‌లోదే.

ఇక్కడ కిరాయి సంగతి చెప్పాలి. 1947 నాటి బొంబాయి కిరాయి చట్టం కిరాయిలను 1940 సెప్టెంబరు నాటి లెక్క దగ్గర కట్టేసింది. యుద్ధకాలంలో పేదవాడిని కాపాడటానికి పెట్టిన కట్టుబాటు దశాబ్దాలు కదలలేదు. యజమానికి మరమ్మతు చేయించే ఆసక్తి పోయింది. కిరాయిదారుకు గది వదలాలన్న మనసు లేదు. ఆ రెండింటి మధ్య పగిడీ పుట్టింది. లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారే పెద్ద మొత్తం కట్టాలి, తర్వాత నామమాత్రపు కిరాయి. గది వదిలేటప్పుడు కొత్తవాడి దగ్గర పగిడీ తీసుకుని, అందులో మూడో వంతు దాకా యజమానికి ఇవ్వడం వాడుక. ఇది చాలాకాలం చట్టం కన్నుగప్పి నడిచింది. 1999 కిరాయి చట్టం దీన్ని ఒప్పుకుని, ఏడాదికి 4 శాతం చొప్పున కిరాయి పెంచుకోనిచ్చింది. పాత కట్టడాలు కూలుతున్నాయని 1969లో వాటి మీద మరమ్మతు సెస్సు వేశారు. అప్పట్లో సెస్సు కట్టే కట్టడాలు 19,000 పైచిలుకు. పెద్దమ్మ చాళ్ కూడా ఆ లెక్కలోదే. ఇప్పటికీ ఆమె కట్టే కిరాయి నెలకు రెండు వందల లోపు. అదే గోడకు అవతలి టవర్లో కారు నిలిపే చోటు కూడా ఆ డబ్బుకు రాదు.

సమ్మె గురించి మా ఇంట్లో ఎక్కువ మాట్లాడరు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైంది. సుమారు 2.5 లక్షల మంది మిల్లు కార్మికులు పని మానేశారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. ఏడాది దాటేసరికి కొందరు తిరిగి చేరారు, చాలామందిని తీసుకోలేదు. పెద్దబాపు ఆ రెండేండ్లు ధర్మాబాద్ వచ్చి మిర్చి అడ్తీలో సంచులు కుట్టాడు. ఖోలీకి తాళం వేసి వచ్చాడు తప్ప వదల్లేదు. పక్కగదులవాళ్లు ఎంతోమంది పగిడీకి ఇచ్చేసి భివండీ, బద్లాపూర్, లేదంటే ఊరి బాట పట్టారు. మా పెద్దమ్మ కొడుకు మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివాడు. గల్లీల్లో తెలుగు ఇండ్లు పలచబడ్డకొద్దీ ఆ బడిలో పిల్లలూ తగ్గిపోయారు. అతనిప్పుడు బద్లాపూర్‌లో స్థిరపడ్డాడు.

మిల్లులు ఆగినా నేల అక్కడే ఉంది. 58 మిల్లుల కింద సుమారు 600 ఎకరాలు, అదీ నగరం నడిబొడ్డున. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. 1991 అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన మిల్లు భూమి అమ్మకానికీ కొత్త కట్టడాలకూ వీలు కల్పించింది. దానికి ఒక షరతు ఉంది. భూమిలో సుమారు మూడో వంతు పార్కులు, ఆటస్థలాల కోసం నగరపాలికకు, మూడో వంతు సామాన్యుల ఇండ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, మిగిలిన మూడో వంతు యజమానికి. 1996లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా అధ్యక్షతన వేసిన సంఘం, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కింద ఉన్న 25 మిల్లుల భూమిని ముక్కలు చేయకుండా ఒకే ప్రణాళికగా చూడాలని చెప్పింది. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

2001లో నిబంధన సవరించారు. పంచాల్సింది మొత్తం భూమిని కాదు, అందులో కట్టడాలు లేని ఖాళీ భూమిని మాత్రమే అన్నారు. మిల్లు అంటే షెడ్లే కదా. ఆవరణంతా షెడ్లతో నిండి ఉంటే ఖాళీ ఎంత మిగులుతుంది? నగరానికీ మ్హాడాకూ రావాల్సిన వాటాలు ఒక్క మాటతో చిక్కి శల్యమయ్యాయి. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఈ సవరణ మీద కేసు వేసిన పర్యావరణ సంస్థ వాదన వైపు నిలిచింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి సవరణను నిలబెట్టింది. ఆలోపే 2005లో ముంబయి టెక్స్‌టైల్ మిల్లు భూమి 702 కోట్లకు అమ్ముడైంది. మిల్లు కార్మికుడికి ఇల్లు రావాల్సిన చోట అద్దాల మేడలు లేచాయి. బిల్డర్లు లోయర్ పరేల్ అనే పేరు కూడా నామోషీగా తలచి, ప్రకటనల్లో 'అప్పర్ వర్లీ' అని రాసుకున్నారు.

ఈ రోజు మా బిడ్డను అడుగుతున్న కిరాయిలో ఆ సవరణ ధర కలిసే ఉంది. ఆ మూడో వంతు ఇండ్లు కట్టి ఉంటే, ఆఫీసు పక్కనే మధ్యతరగతి జీతానికి అందే ఇల్లు దొరికేదని నా నమ్మకం.

కార్మికులకు ఏమీ దక్కలేదని కాదు. పోరాటాల తర్వాత మిల్లు భూముల్లో కొన్ని ఇండ్లు కట్టి మ్హాడా లాటరీలు తీసింది. 2012లో 6,925 ఇండ్లు, 2020లో 3,894. దరఖాస్తులు లక్షన్నర వరకు ఉన్నాయి. ఇప్పుడు మిగిలినవాళ్లకు శేలూ, వాంగణీలో ఇస్తామంటున్నారు. అవి బద్లాపూర్‌కూ అవతలివి. మాకు ముంబయిలోనే కావాలని 2025లో ముసలి కార్మికులు ఆజాద్ మైదానంలో కూర్చున్నారు. పెద్దబాపు దరఖాస్తు లాటరీలో రాకుండానే ఆయన పోయాడు.

ఇంత డబ్బు వచ్చినా పేట ఎముకలు పాతవే. మిల్లు పాళీల లెక్కకు కట్టిన స్టేషన్లలోకి ఆఫీసు జనం కుమ్మరించినట్టు వచ్చిపడ్డారు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ కాలివంతెన మీద తొక్కిసలాటలో 23 మంది పోయారు. వాన పడుతోంది, మెట్లు ఇరుకు, అంతే. అదే ఏడాది డిసెంబరు 29 అర్ధరాత్రి దాటాక కమలా మిల్స్ ఆవరణలో పైకప్పు మీది పబ్బుకు నిప్పంటుకుని 14 మంది చనిపోయారు. ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌ను ఇప్పుడు ప్రభాదేవి అంటున్నారు. వర్లీకి మెట్రో వచ్చింది. వానాకాలంలో హిందమాతా దగ్గర మాత్రం ఇంకా మోకాటి లోతు నీళ్లే. ఇల్లు చూడటానికి పోయేవాళ్లు వీలైతే జులైలో పోవాలని నేనంటాను.

ఇక ఖోలీ మాట. చట్టం ప్రకారం కిరాయిదారు పోతే హక్కు మొదట ఆయన పోయేనాటికి ఆయనతో పాటు నివసిస్తున్న కుటుంబ సభ్యులకు వస్తుంది. అట్లాంటివాళ్లు లేనప్పుడే మిగతా వారసుల మాట, అదీ ఒప్పందం కుదరకుంటే కోర్టులో. పెద్దమ్మ అప్పుడూ అక్కడే ఉంది, ఇప్పుడూ ఉంది. హక్కు ఆమెది. ధర్మాబాద్‌లో ఉన్న నాకు గానీ, రేపు పోయి ఉండే మా బిడ్డకు గానీ అందులో ఏమీ లేదు. ఇది మొదటే తెలియడం మంచిది. ఎందుకంటే చాళ్ పునర్నిర్మాణానికి బిల్డరు తిరుగుతున్నాడు. సెస్సు కట్టడాల నిబంధన 33(7) కింద 1996 జూన్ 13కు ముందు నుంచి ఉన్న కిరాయిదారుకు కనీసం 300 చదరపు అడుగుల సొంత ఇల్లు రావాలి, ఉచితంగా. ఆ తేదీ తర్వాత పుట్టిన కొత్త కిరాయిదారీని లెక్కలోకి తీసుకోరు. కిరాయి ఇంట్లో 'లీవ్ అండ్ లైసెన్స్' కాగితం మీద 11 నెలలకు ఉండేవాళ్లకు ఎట్లాగూ ఏమీ రాదు.

ఇది బాగుపడదా అంటే, బాగుపడ్డ చోట్లూ ఉన్నాయి. వర్లీ బీడీడీ చాళ్లలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇండ్ల తాళాలు ఇచ్చారు. నూరేండ్లు 160 అడుగుల్లో బతికిన ఇండ్లు అవి. అది చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. కానీ అది మ్హాడా పని. ప్రైవేటు చాళ్‌లో మొదట కట్టడం ఖాళీ చేయిస్తారు, మధ్యకాలానికి కిరాయి ఇస్తామంటారు. ఏడాది రెండేండ్లు ఇచ్చి ఆపేసిన బిల్డర్లు, పునాది దగ్గర ఆగిన పనులు, తాత్కాలికంగా ఉంచే ట్రాన్సిట్ క్యాంపుల్లోనే ముసలివాళ్లయినవాళ్లు ఆ నగరంలో తక్కువ మంది కాదు. పూర్తయినా టవరు నిర్వహణ ఖర్చు నెలనెలా కట్టాలి. రెండు వందల కిరాయికి అలవాటైన ఇంటికి అది చిన్న బరువు కాదు. అందుకే తాళం చేతికొచ్చాక అమ్ముకుని కల్యాణ్ అవతలికి పోయేవాళ్లు ఉంటారు. పేట మారడం బిల్డరు గోడ కట్టేనాటితో అయిపోదు.

ఇవన్నీ బిడ్డకు చెప్పాను. పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు లెక్కలు పట్టలేదు.

"కాగితం తెచ్చి సంతకం పెట్టుమంటున్నరు బిడ్డా. అద్దాలు పెట్టుకున్నా మరాఠీ అచ్చరాలు ఆనుతలేవు. పోరిని తోలు, సదివి చెప్తది," అంది.

నా అభిప్రాయం ఇంట్లో చెప్పాను. బిడ్డ, అల్లుడు మొదట పెద్దమ్మ దగ్గరే దిగాలి, చుట్టాల్లాగా, హక్కుదార్లలాగా కాదు. ఒక్క గదిలో ముగ్గురు ఉండటం కష్టమే, అయినా నాలుగు నెలలు ఓర్చుకోవచ్చు. ఆ లోపు బిల్డరు ఒప్పందం రిజిస్టరైందా, మధ్యకాలపు కిరాయికి బ్యాంకు హామీ ఉందా అన్నది చదివి చూడాలి. బద్లాపూర్ అన్నను పిలిచి కూర్చోబెట్టాలి, లేకుంటే రేపు మాటపడేది బిడ్డే. తర్వాత తమకు కిరాయి ఇల్లు చూసుకోవచ్చు, పరేల్‌లో కాకుంటే కల్యాణ్‌లో. టవర్లో ఇల్లు కొనే మాట మాత్రం ఇప్పుడు వద్దన్నాను. ఆ ధరకు మా వల్ల కాదు, అయినా నేను ఆ నేల మీద కొనమని చెప్పలేను.

ఆదివారానికి టికెట్లు దొరికాయి. పెద్దమ్మ నిన్న కిరాయి రసీదుల పుస్తకం ఫోటో తీయించి పంపింది. పోయిన నెల రసీదు మీద కూడా పెద్దబాపు పేరే ఉంది. ముందు అది మార్పించాలి.