డెక్ మీద చెప్పుల్లేకుండా నడవాలంటే

టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో డెక్ వేయించుకుందామనుకుంటున్నాం. చెక్క మంచిదా, కాంపోజిట్ మంచిదా? మా ఇంట్లో ఎవరూ చెప్పులతో తిరగరు. బాబు ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్నాడు."

డెక్ అంటే ఇంటిని ఆనుకుని పలకలతో వేసే అరుగు లాంటిది. కాంపోజిట్ అంటే చెక్కపిండిని ప్లాస్టిక్‌తో కలిపి చేసిన పలక. ధర, రంగులు, వారంటీ గురించి కాంట్రాక్టర్ ఎలాగూ గంటసేపు చెబుతాడు. నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ చివరి మాట. జులైలో 38 డిగ్రీలు దాటే ఊళ్లో, ఎండలో ఉన్న పలక మీద పసివాడి అరికాలు పడితే ఏమవుతుంది?

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడిలో ప్రదక్షిణ చేసినవాళ్లందరికీ ఇది అనుభవమే. బండల మీద పరుగులు పెడతాం, కొబ్బరిపీచు పట్టా మీదికి రాగానే ప్రాణం లేచొస్తుంది. రెండూ ఒకే ఎండలో ఉన్నాయి. థర్మామీటర్ పెడితే పట్టా కూడా బాగా వేడిగానే ఉంటుంది. అయినా కాలేది బండే. బడిలో ఉష్ణవాహకతకు ఒక నిర్వచనం, సాంద్రతకు ఒకటి, విశిష్టోష్ణానికి ఇంకోటి బట్టీ పట్టించారు కానీ ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మూడు పాఠాలూ ఒకేసారి తలకెక్కేవి.

వేడి వస్తువును చర్మం తాకగానే, ఆ రెండూ కలిసే చోట మధ్యస్థంగా ఒక ఉష్ణోగ్రత ఏర్పడుతుంది. అది ఎటువైపు మొగ్గుతుందన్నది వస్తువు ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం మూడింటినీ గుణించి తీసిన వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ఎఫ్యూసివిటీ అంటారు. అది ఎంత ఎక్కువైతే వస్తువు తన వేడిని చర్మానికి అంత గట్టిగా అంటిస్తుంది. ఎస్ఐ ప్రమాణాల్లో సుమారుగా చెప్పాలంటే మన చర్మానికి 1,200, పైన్ చెక్కకు 350, కాంపోజిట్‌కు 740, గ్రానైట్‌కు 2,600. అన్నీ 60 డిగ్రీలకు కాగాయనుకుందాం. ముదురు రంగు పలకకు వేసవి ఎండలో అది పెద్ద లెక్క కాదు. చర్మం 34 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, కాలు మోపిన క్షణంలో పైన్ మీద చర్మానికి తగిలేది 40 డిగ్రీలు, కాంపోజిట్ మీద 44, గ్రానైట్ మీద 52.

నాలుగు డిగ్రీల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ మన నరాల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకు కబురు పంపుతుంది. మిరపకాయ కారానికి నోరు మండేది కూడా దీని వల్లే. ఆ కారం వెంట పడి దీన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. పైన్ ఆ గీతకు ఇవతల ఉంది, కాంపోజిట్ అవతల!

ఈ తేడా అంతా గాలి వల్ల. ఏ చెట్టుదైనా కణాల గోడ సాంద్రత దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకు 1.5 గ్రాములు. గాలి లేకపోతే ఏ కర్రా నీళ్లలో తేలదు. బాగా ఆరిన పైన్ పలకను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే అంతా బోలు గొట్టాలే. పలకలో సగానికి పైగా ఖాళీ. కాంపోజిట్ కోసం చెక్కను పిండిలా కొట్టి పాలిథిన్‌తో కలిపి కరిగిస్తారు. గొట్టాలు నలిగిపోతాయి, గాలి ఉన్న చోటికి ప్లాస్టిక్ వస్తుంది. అందుకే బరువు, అందుకే ఆ చురుకు. ఇలాగని చెక్కలన్నీ ఒకటే అనుకోవద్దు. బ్రెజిల్ నుంచి వచ్చే ఇపే చెక్క నీళ్లలో మునిగేంత దట్టం, అది కాంపోజిట్‌కు దగ్గరగానే కాలుతుంది. తేలికైన సెడార్ పైన్ కంటే ఇంకా నయం.

మిగతావి టూకీగా. చెక్కకు రెండుమూడేళ్లకోసారి సీలర్ పూయాలి. ఎండకు పైపొరలో చెక్క నారను అతికి ఉంచే లిగ్నిన్ విరిగి, వానకు కొట్టుకుపోయి బూడిద రంగు తేలుతుంది. తేమ తగిలితే వెడల్పులో ఉబ్బుతుంది. కాంపోజిట్‌కు ఆ పూతల పని లేదు కానీ వేడికి పొడవునా సాగుతుంది. 16 అడుగుల పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే పైన్ అయితే ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. చివర్లలో సందు వదలకపోతే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

ఇంకో మాట. పైన కాంపోజిట్ వేసినా కింద దూలాలు చాలా ఇళ్లలో పుచ్చిపోకుండా మందు పట్టించిన పైన్ చెక్కే. డెక్ ఆయుష్షు వాటి చేతిలో ఉంది. ఆ మందులో రాగి ఉంటుంది, మామూలు మేకుల్ని త్వరగా తుప్పు పట్టిస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడమనండి. 2004కు ముందు కట్టిన పాత డెక్‌ను తీయిస్తుంటే మాత్రం ఆ చెక్కను గీకొద్దు, కాల్చొద్దు. అప్పటి మందులో ఆర్సెనిక్ ఉండేది.

డెక్ ఈశాన్యంలో రావచ్చా అని కూడా ఆవిడ అడిగారు. దిక్కు చూడాల్సిందే, అయితే వాస్తు కోసం కాదు, ఎండ కోసం. సాయంత్రం నాలుగింటి ఎండ పడమటి డెక్‌ను మాడ్చేస్తుంది. ఇంటికి తూర్పునో ఉత్తరానో ఉంటే ఆ వేళకు ఇంటి నీడ ఎంతో కొంత కాస్తుంది. నీడ ఉంటే లేత రంగు కాంపోజిట్ హాయిగా వేయించుకోవచ్చు. పడమర ముఖంగా, నీడ లేకుండా, పైగా నడక నేర్చే పిల్లాడుంటే నా ఓటు సెడార్‌కు, అది భారమనుకుంటే పైన్‌కు.

డబ్బు కట్టేముందు రెండు రకాల ముక్కలూ తెప్పించుకోండి. రెండూ ఒకే రంగులో ఉండాలి, లేకపోతే తేడా రంగుదో సరుకుదో తెలియదు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మొదలుపెట్టి గంటసేపు ఎండలో ఉంచి, ఒకదాని తర్వాత ఒకటి అరచేత్తో ముట్టుకుని చూడండి.