ఒకే కొనుగోలుదారును నమ్ముకున్న మోల్దోవా వైన్

2006 మార్చి చివర్లో రష్యా మోల్దోవా వైన్ దిగుమతిని ఆపేసింది. పురుగుమందుల అవశేషాలు, భారలోహాలు ఉన్నాయన్నది పైకి చెప్పిన కారణం. రొమేనియాకూ ఉక్రెయిన్‌కూ మధ్యనున్న ఈ చిన్న దేశం అప్పటికి తన వైన్ ఎగుమతుల్లో సుమారు 80 శాతం రష్యాకే పంపేది. 2013 సెప్టెంబరులో, ఐరోపా సమాఖ్యతో ఒప్పందం దగ్గరపడుతున్న వేళ, మళ్ళీ నిషేధం. అందులో రాజకీయం ఉంది, సందేహం లేదు. కానీ దెబ్బ అంత లోతుగా దిగడానికి కారణాలు చాలా పాతవి.

1812లో బెస్సరాబియా పేరుతో ఈ ప్రాంతం రష్యా సామ్రాజ్యంలో కలిసింది. 1827లో మొదలైన పుర్కారి వైనరీ తయారుచేసిన ఎర్ర వైన్‌కు 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. కొన్నేళ్ళకే ద్రాక్ష తీగల వేళ్ళ రసం పీల్చే ఫిలోక్సెరా పేను దిగింది. పేనును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరుమూలం మీద అంటు కట్టడమే దానికి విరుగుడు. అంత స్తోమత లేని రైతులు ఇజబెల్లా లాంటి అమెరికా సంకరజాతి తీగలు నాటుకున్నారు.

సోవియట్ కాలంలో లెక్క అంతా టన్నుల్లోనే. ఆ మార్కెట్ కోరింది తీపి తగిలే వైన్. రసం పులుస్తుండగా, లీటరుకు ముప్పై నలభై గ్రాముల చక్కెర మిగిలి ఉన్నప్పుడే తొట్టెను బాగా చల్లార్చి, గంధకం కలిపి, చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్‌ను వడకడతారు. వడపోత సరిగ్గా లేకపోతే మిగిలిన ఈస్ట్ సీసాలో మళ్ళీ పని మొదలుపెడుతుంది, బిరడా ఎగిరిపోతుంది. ఆ భయంతో గంధకం ఎక్కువ వేస్తే పండు వాసన అణిగిపోతుంది. తొందరపడి కోసిన పండు లోపమేమో తీపి చాటున దాగిపోతుంది. నాణ్యతకు అసలు చేటు చేసింది ఈ చాటే. దీనికి తోడు 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ఉద్యమంలో వేల హెక్టార్ల తోటలు పీకేశారు. కొత్త తీగ కాపుకు రావాలంటే కనీసం మూడేళ్ళు.

2013లో జాతీయ ద్రాక్ష, వైన్ కార్యాలయం ఏర్పడింది. 2014 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య ఈ వైన్‌కు తలుపులు పూర్తిగా తెరిచింది. అక్కడ నిలబడాలంటే చక్కెర దాదాపు మిగలని వైన్ కావాలి, అందులో తప్పు దాచడానికి చోటుండదు. స్థానిక ద్రాక్ష రకం రారా నేగ్రానే చూడండి: తొక్క పలచన, పులుపు ఎక్కువ, పండడం ఆలస్యం. ముందే కోస్తే నోరు పులిసిపోతుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ ఇస్తుంది కాబట్టి, కోతకు ముందు రసంలో చక్కెర కొలవాల్సిందే. తొట్టె వేడి 25–28 డిగ్రీల్లో ఉండాలి. 35 దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర అరకొరగా మిగిలిపోతుంది. పైకి తేలిన తొక్కల తెట్టును రోజుకు రెండు మూడుసార్లు కిందికి నొక్కాలి. ఎండనిస్తే అక్కడే వెనిగర్ బాక్టీరియా చేరుతుంది.

మన ఇళ్ళలో గాదెలో ధాన్యం ఉన్నట్టు, మోల్దోవా పల్లెల్లో నేలమాళిగలో సొంత పీపా ఉంటుంది. దాన్ని సగం ఖాళీగా వదిలితే లోపలి గాలికి వైన్ పులుపెక్కుతుంది. అందుకే పీపాను అంచుదాకా నింపి ఉంచాలి, ఖాళీ అయ్యాక కడిగి ఆరబెట్టి లోపల గంధకపు వత్తి కాల్చాలి. ఆ పీపాల్లో చాలావాటిలో ఉండేది నాటి ఇజబెల్లాయే. బూజు తెగులును తట్టుకుంటుంది, మందు ఖర్చు తక్కువ, అంటు అక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు ఇష్టంగా తాగే ఆ వైన్‌ను ఐరోపా సమాఖ్యలో అమ్మడానికి మాత్రం వీల్లేదు.